నోట్సులోని కౌలు లెక్క ఎందుకు తప్పింది, ఇకమీదట ప్రోగ్రాంలను నోట్సులోకి ఎలా తెస్తాం



పోయిన నెల ఒక సాయంత్రం, బడి వదిలేశాక, తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి నా గదికి వచ్చాడు. చేతిలో మన కంప్యూటర్ నోట్సులోంచి చింపిన కాగితం. "సార్, ఈ లెక్క యాడిది? మీ బడి కాగితమే కదా ఇది?" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. సంగతేమిటంటే, సోలార్ పార్కుకు కౌలుకిచ్చిన భూమి నాలుగెకరాలు అన్నదమ్ములిద్దరిది. కౌలు డబ్బు అన్న ఖాతాలో పడుతుంది, ఆయన సగం తమ్ముడికిస్తాడు. అయిదో ఏటి కౌలులో తమ్ముడి వాటా కింద 46,305 రూపాయలు ఇచ్చాడు. మన కాగితం ప్రకారం చూస్తే 51,051 రావాలి. "నాలుగు వేల ఏడొందలు మా అన్న మింగినాడనుకున్నా సార్. నోటికొచ్చినట్ల తిట్టినా. రెండు వారాలుగా మాటల్లేవు" అన్నాడు.

అన్న ఒక్క రూపాయి కూడా మింగలేదు. తప్పు మన కాగితంలో ఉంది. ఆ తప్పు ఎలా వచ్చిందో, ఇక రాకుండా ఏం చేశామో మీకు వివరంగా చెప్పాల్సిన బాధ్యత నాది. ఇందులో కొంత కంప్యూటర్ సంగతి ఉంటుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. తెలియని మాట వస్తే వాళ్ళే చెబుతారు.

మొదట లెక్క చూద్దాం. మన తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు ఊళ్ళ భూముల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమి రైతులదే, కౌలుకు మాత్రమే ఇచ్చారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు అన్నది మీ అందరికీ తెలిసిన మాటే. పిల్లలకు శాతాలు, ఘాతాలు చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి లెక్క ఏముంటుందని మా కంప్యూటర్ మాస్టారు దీన్నే పైథాన్ ప్రోగ్రాంగా రాయించాడు. పైథాన్ అంటే ప్రోగ్రాంలు రాసే ఒక భాష. దాని మూడో రూపం 2008లో వచ్చింది. అందులో మనం పెట్టుకునే పేర్లను తెలుగులో కూడా రాయవచ్చు. అందుకే కింది వరుస కంప్యూటరుకు ఉన్నదున్నట్లు అర్థమవుతుంది:

కౌలు = 21000 * 1.05 ** (సంవత్సరం - 1)

ఒక చుక్క గుర్తు అంటే గుణకారం. రెండు చుక్క గుర్తులు పక్కపక్కన ఉంటే ఘాతం, అంటే 1.05ను అన్నిసార్లు గుణించమని. ఒక పిల్ల మొదట ఇలా రాసింది. ఇది ప్రతి ఏడాదీ 5 శాతం పెంచేస్తుంది. రెండేళ్ళకొకసారి కదా పెరగాల్సింది! మాస్టారు చూసి దిద్దించాడు:

కౌలు = 21000 * 1.05 ** ((సంవత్సరం - 1) // 2)

రెండు ఏటవాలు గీతలు అంటే భాగించి, శేషం వదిలేసి, పూర్ణసంఖ్య మాత్రమే తీసుకోమని. అయిదో ఏడాదికి (5 - 1) // 2 అంటే 2. కనుక పెంపు రెండుసార్లే. ఎకరాకు 23,152.50 వస్తుంది. మొదటి వరుస ప్రకారం అయితే పెంపు నాలుగుసార్లు పడి 25,525.63 వస్తుంది. ఎకరాకు తేడా 2,373 రూపాయల పైచిలుకు. నాలుగెకరాలకు 9,492 చిల్లర. అందులో సగమే ఆ అన్నదమ్ముల మధ్య పడిన మంట.

దిద్దిన తరవాత తప్పు ఎలా మిగిలింది? ఇక్కడే అసలు సంగతి ఉంది. ప్రోగ్రాం ఫైలు కంప్యూటర్ గదిలో ఉంటుంది. నోట్సు వేరే ఫైలు. మాస్టారు ఆ పిల్ల ప్రోగ్రాం బాగుందని మొదటిరోజే దాన్ని కాపీ చేసి నోట్సులో అతికించాడు. మర్నాడు తప్పు తెలిసింది. ప్రోగ్రాం ఫైలు దిద్దారు. మన నోట్సు తెలుగులో ఒకటి, కన్నడలో ఒకటి వేస్తామని మీకు తెలుసు, సాయంత్రం తరగతికి కన్నడ బడి పిల్లలు కూడా వస్తారు కనుక. కన్నడ నోట్సు ఆ తరవాత తయారైంది, అందులో దిద్దిన వరుస పడింది. తెలుగు నోట్సులో పాతదే ఉండిపోయింది. అన్నగారి కూతురు కన్నడ నోట్సు చదువుతుంది, తమ్ముడి కొడుకు తెలుగు నోట్సు. ఒకే బడి, ఒకే మాస్టారు, రెండు లెక్కలు. ఒకరిది చూసి ఒకరు "మీరే తప్పు" అనుకోవడంలో వింతేముంది?

దీన్ని పహణితో పోల్చి చెబుతాను, మనకందరికీ తెలిసిన కాగితం అది. పదేళ్ళ కిందట తీసిన పహణి జిరాక్సు మీ పెట్టెలో ఉందనుకోండి. ఈలోగా భాగాలు పంచుకున్నారు, ఖాతా మారింది. ఆఫీసు రికార్డులో కొత్త పేరు ఎక్కింది. మీ పెట్టెలోని జిరాక్సుకు ఆ సంగతి ఎవరు చెబుతారు? అది పాత పేరునే పట్టుకుని కూర్చుంటుంది. అదే నాడకచేరికి వెళ్ళి ఇవాళ ప్రింటు తీసుకుంటే, భూమి అనే కంప్యూటర్ వ్యవస్థలో ఇవాళ ఏముందో అది వస్తుంది. పహణి చేతిరాతతో ఉన్న రోజుల్లో ఎన్ని తకరార్లు వచ్చేవో పెద్దవాళ్ళను అడగండి. రికార్డు ఒకచోటే ఉండి, కావలసినప్పుడల్లా అక్కడినుంచి తీసుకోవడం వేరు, జిరాక్సులు దాచుకోవడం వేరు.

మన నోట్సులో అతికించిన ప్రోగ్రాం జిరాక్సు లాంటిది. ఇకమీదట ప్రోగ్రాంను నోట్సులో అతికించం. ఫలానా ఫైలులోంచి తెచ్చి ఇక్కడ పెట్టు అని ఒక ఆజ్ఞ మాత్రం రాస్తాం. నోట్సు తయారుచేసే ప్రతిసారీ కంప్యూటరే ఆ ఫైలు తెరిచి, ఆ క్షణాన అందులో ఏముందో తెచ్చి ఆ చోట పెడుతుంది. తెలుగు నోట్సుకూ కన్నడ నోట్సుకూ ప్రోగ్రాం ఫైలు ఒకటే. చుట్టూ ఉన్న వివరణ మాత్రం ఏ భాషది ఆ భాషలో ఉంటుంది.

ఇది మేము కనిపెట్టింది కాదు. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లకు వాడుక పుస్తకాలు రాసేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. పైథాన్ భాష సొంత పుస్తకాలను స్ఫింక్స్ అనే సాధనంతో తయారుచేస్తారు. అది 2008లో వచ్చింది, రాసింది గేయార్గ్ బ్రాండ్ల్. ఆ పుస్తకాల మూలంలో ఇలా తెచ్చుకునే ఉదాహరణల కోసమే ఒక ఫోల్డరు వేరుగా ఉంది. రస్ట్ అనే భాష నేర్పే పుస్తకంలోనూ అంతే, ప్రోగ్రాంలు వేరే ఫోల్డర్లలో ఉంటాయి, పాఠంలోకి అక్కడినుంచి వస్తాయి. ఫాస్ట్ఏపీఐ అనే సాధనం పుస్తకం చాలా భాషల్లో ఉంది. ఉదాహరణ ప్రోగ్రాంలు మాత్రం ఒకేచోట ఉంటాయి, అన్ని భాషల పేజీలూ వాటినే తెచ్చుకుంటాయి. మన రెండు భాషల నోట్సుకు ఇది సరిగ్గా సరిపోయే పద్ధతి. రెండు భాషల్లో బతికే ఊరు మనది, మనకు మరీ అవసరం.

తెలుగులోనూ దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు చదివే పిల్లలు గమనించే ఉంటారు. అక్కడ స్కాన్ చేసిన ఒక్కో పుటకు ఒక్కో పేజీ ఉంటుంది, పక్కన బొమ్మ చూస్తూ టైపు చేసి దిద్దుతారు. మీరు చదివే అధ్యాయం పేజీలో ఆ పాఠం మళ్ళీ టైపు చేసి ఉండదు, ఫలానా పుటనుంచి ఫలానా పుటదాకా తెచ్చి చూపించు అని ఒక ఆజ్ఞ ఉంటుంది. పుటలో ఒక అచ్చుతప్పు దిద్దితే అధ్యాయంలో కూడా దిద్దుబాటు కనిపిస్తుంది. తెలుగు వికీపీడియాలో మూసలు అనేవీ ఈ కోవవే. మూసను ఒకచోట మారిస్తే దాన్ని పిలిచే పేజీలన్నీ మారతాయి.

ఇప్పుడు పెద్ద తరగతుల పిల్లలు కాస్త శ్రద్ధగా వినండి. మేము వాడేది స్ఫింక్స్. నోట్సు ఫైలులో ప్రోగ్రాం రావలసిన చోట కొత్త వరుసలో రెండు చుక్కలు పెట్టాలి, ఒక ఖాళీ వదలాలి, లిటరల్ఇంక్లూడ్ అనే మాటను మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషు చిన్నబడి అక్షరాల్లో రాయాలి, రెండు కోలన్లు పెట్టాలి, మళ్ళీ ఒక ఖాళీ, ఆ తరవాత ఫైలు ఎక్కడుందో ఆ దారి. లిటరల్ అంటే ఉన్నదున్నట్లు అని. ఇంక్లూడ్ అంటే కలుపుకోవడం. దారి ఏటవాలు గీతతో మొదలైతే నోట్సు మొత్తానికి పై ఫోల్డరు నుంచి వెతుకుతుంది, లేకపోతే ఈ పాఠం ఫైలు ఉన్న ఫోల్డరు నుంచి వెతుకుతుంది. మొదటి వారం మా వాళ్ళు చేసిన తప్పుల్లో సగం ఈ దారి దగ్గరే. మన ఇంట్లోంచి చెప్పే గుర్తుకూ, బస్టాండు నుంచి చెప్పే గుర్తుకూ తేడా ఉంటుంది కదా, అంతే.

ఆస్కీడాక్ అనే ఇంకో పద్ధతి ఉంది, 2002 నుంచీ వాడుకలో ఉన్నది. అందులోనూ ఇంక్లూడ్ ఆజ్ఞ ఉంది. మార్క్‌డౌన్ అనేది పిల్లలకు బాగా ఇష్టం, రాయడం సులువు. కానీ 2004లో వచ్చిన అసలు మార్క్‌డౌన్‌లో ఫైలును కలుపుకునే ఏర్పాటు లేదు. తరవాత ఒక్కో సాధనం ఒక్కో తీరున చేర్చుకుంది. ఒకదానిలో రాసింది ఇంకోదానిలో పనిచేయదు. అందుకే మేము దాని జోలికి పోలేదు.

ప్రోగ్రాం ఫైలు మొత్తం నోట్సులో అక్కరలేదు. నలభై వరుసల ఫైలులో పాఠానికి కావలసింది ఆరు వరుసలే కావచ్చు. ఆ ఆరింటిని ఎలా చెప్పాలి? ఇక్కడ పొరపాటుకు మంచి చోటుంది, నిదానంగా చూద్దాం.

సులువైన దారి వరుసల నంబర్లు చెప్పడం. 12 నుంచి 17 దాకా తెమ్మంటాం. ఇవాళ సరిగ్గా వస్తుంది. రేపు ఒక పిల్ల ఫైలు పైభాగంలో తన పేరు, తరగతి రాస్తూ రెండు వరుసలు చేర్చింది. ఇప్పుడు కావలసిన ఆరు వరుసలు 14 నుంచి 19కి జారాయి. నోట్సు మాత్రం 12 నుంచి 17 అనే పట్టుకుంటుంది. పైన అక్కరలేని రెండు వరుసలు వస్తాయి, కింద ముఖ్యమైన రెండు వరుసలు పోతాయి. కంప్యూటర్ నోరు మెదపదు, దాని దృష్టిలో 12 నుంచి 17 దాకా వరుసలు ఉన్నాయి, తెచ్చింది, పని అయిపోయింది. పొలం గట్టును "మూడో వేపచెట్టు దగ్గర" అని రాసుకున్నవాడు, మధ్యలో ఎవరో ఇంకో వేపమొక్క నాటితే ఏమవుతాడో ఆలోచించండి.

అందుకే నంబర్లు వద్దు, హద్దురాళ్ళు పాతుకుందాం అన్నాను. పైథాన్‌లో హాష్ గుర్తుతో మొదలయ్యే వరుసను కంప్యూటర్ పట్టించుకోదు, అది మనుషుల కోసం రాసుకునే మాట. కావలసిన ముక్కకు పైన ఒకటి, కింద ఒకటి పెడతాం:

# మొదలు-కౌలు
కౌలు = 21000 * 1.05 ** ((సంవత్సరం - 1) // 2)
# ముగింపు-కౌలు

నోట్సులో "మొదలు-కౌలు అన్న వరుస తరవాత నుంచి, ముగింపు-కౌలు అన్న వరుసకు ముందుదాకా" అని చెబుతాం. స్ఫింక్స్‌లో దీనికి స్టార్ట్-ఆఫ్టర్, ఎండ్-బిఫోర్ అనే రెండు మాటలున్నాయి. ఆస్కీడాక్‌లో ట్యాగ్ అంటారు. పైన ఎన్ని వరుసలు చేరినా హద్దురాళ్ళు ముక్కతోపాటే జరుగుతాయి. ఎవరైనా రాయి పీకేస్తే, అంటే ఆ గుర్తు చెరిపేస్తే, స్ఫింక్స్ గుర్తు దొరకలేదని హెచ్చరిక ఇస్తుంది. నోరు మూసుకుని తప్పు ముక్క తేవడం కన్నా ఇది నూరు రెట్లు మేలు.

ఒక్క జాగ్రత్త. స్ఫింక్స్ వరుస మొత్తాన్ని పోల్చదు, మనం చెప్పిన మాట ఏ వరుసలో మొదట కనిపిస్తే అక్కడ ఆగుతుంది. మా మాస్టారు మొదట ఉత్తి "కౌలు" అని గుర్తు పెట్టాడు. ఫైలు మొదటి వరుసలోనే "ఇది కౌలు లెక్క" అని ఒక మాట ఉంది. అక్కడినుంచే మొదలుపెట్టి సగం ఫైలు తెచ్చిపెట్టింది. అందుకే గుర్తు మాట ఫైలులో ఇంకెక్కడా రాకుండా చూసుకోవాలి.

వరుసల ముందు ఉండే ఖాళీల సంగతీ చెప్పాలి. పైథాన్‌కు ఆ ఖాళీలంటే ప్రాణం, ఏ వరుస దేని లోపలిదో వాటితోనే తెలుసుకుంటుంది. లోపలి ముక్క ఒక్కటి తెస్తే ప్రతి వరుస ముందూ నాలుగు ఖాళీలు వెంట వస్తాయి. పిల్లలు అలాగే టైపు చేస్తే తప్పు చూపిస్తుంది. డీడెంట్ అనే మాట చేరిస్తే స్ఫింక్స్ ఆ ఖాళీలను అన్ని వరుసలకూ సమంగా కత్తిరిస్తుంది.

ఇక తెలుగు అక్షరాల గొడవ. ఇది నాకు బాగా పట్టిన విషయం, కాస్త ఎక్కువ చెబితే క్షమించండి. కిందటేడాది దాకా మనం నోట్సును పావగడలో ఒక డీటీపీ అంగడిలో కొట్టించేవాళ్ళం. అక్కడ అను ఫాంట్లతో తెలుగు కొట్టేవారు. అది కాగితం మీద చక్కగా ఉంటుంది గాని, యూనికోడ్ కాదు. ఆ ఫైలులోంచి తెలుగు మాట కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం వస్తుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఇప్పుడు ఫోన్లలో మనం రాసేదంతా అదే. ప్రోగ్రాం ఫైళ్ళు, నోట్సు రెండూ ఇక యూనికోడ్‌లోనే, యూటీఎఫ్-8 అనే పద్ధతిలోనే దాస్తాం. ఒక ఫైలు ఒక తీరున, ఇంకో ఫైలు ఇంకో తీరున ఉంటే తెచ్చుకున్న ముక్కలో తెలుగు పాడైపోతుంది.

అంగడిలో ఇంకో తిప్పలు. ప్రోగ్రాంను వాళ్ళు మళ్ళీ టైపు చేసేవారు, లేదా మామూలు ఉత్తరాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో అతికించేవారు. అది మంచి చేస్తున్నాననుకుని నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మార్చేస్తుంది. చిన్న గీతను పొడుగు గీత చేస్తుంది. కంటికి అందంగానే ఉంటుంది. కంప్యూటర్ మాత్రం ఇదేం గుర్తో నాకు తెలియదంటుంది. కిందటేడాది ఇద్దరు ఆడపిల్లలు నోట్సులో ఉన్నట్లే రాశాం సార్, రావడం లేదు అని ఏడుపు మొహంతో నిలబడితే, సరిగ్గా చూసి కొట్టండి అని కసిరి పంపాము. వాళ్ళు సరిగ్గానే కొట్టారు. ఆ పిల్లలకు నేను మాట బాకీ ఉన్నాను, ఇక్కడ తీర్చుకుంటున్నాను: తప్పు మీది కాదమ్మా.

కంటికి కనపడని అక్షరం ఇంకొకటుంది. సాఫ్ట్‌వేర్ అని తెలుగులో రాస్తే ట కింద వ వత్తు పడకుండా, మధ్యలో ఒక కనపడని గుర్తు పెడతాం. ఫోను కీబోర్డు తనంతట తానే పెట్టేస్తుంది. కథల్లో, ఉత్తరాల్లో అది ఉండాలి. పైథాన్ పేర్లలో మాత్రం అది చెల్లదు, తప్పు చూపి ఆగిపోతుంది. పిల్ల ఎంత వెతికినా తప్పు కనపడదు, కనపడని అక్షరం కదా! హద్దురాళ్ళ మాటల్లో ఉంటే ఇంకా చిక్కు. ఫైలులో ఆ గుర్తు ఉండి, నోట్సులో లేకపోతే రెండు మాటలూ చూడ్డానికి ఒకటే, కంప్యూటరుకు వేరు. అందుకే పేర్లకు, గుర్తులకు కౌలు, వడ్డీ, ఎకరం లాంటి మామూలు చిన్న మాటలే వాడమన్నాను. ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో పెడితేనే ఈ చిక్కు ఎక్కువ. పిల్లలు నవ్వుకున్నారు, సారుకు భాషాభిమానం పట్టుకుందని. పట్టుకుంటే పట్టుకుంది, ప్రోగ్రాం నడుస్తోంది కదా.

ఇంతవరకు చదివిన తెలివైన తల్లిదండ్రులు ఒక ప్రశ్న వేయాలి. ఫైలులోంచే తెస్తాం సరే, ఆ ఫైలే తప్పయితే? నిజమే. అప్పుడు రెండు భాషల్లోనూ ఒకే తప్పు, ఏ తేడా లేకుండా అచ్చవుతుంది. ఇదివరకు కన్నడ కాగితం చూసి తెలుగు కాగితం తప్పని పట్టుకోగలిగాం, ఇక ఆ అవకాశం కూడా ఉండదు. కనుక తెచ్చుకోవడం సగం పనే. తెచ్చే ముందు ఫైలును పరీక్షించడం మిగతా సగం.

దానికి ఒక చిన్న పరీక్ష ఫైలు రాశాం. పిల్లలు చేత్తో కట్టిన లెక్కలు అందులో ఉంటాయి: మొదటి ఏడాది 21,000, రెండో ఏడాది 21,000, మూడో ఏడాది 22,050, అయిదో ఏడాది 23,152.50. ప్రోగ్రాం ఇచ్చే జవాబు వీటితో కలవకపోతే నోట్సు తయారు కాదు, అక్కడే ఆగిపోతుంది. ఇందులో పిల్లలు నేర్చుకున్న మంచి సంగతి ఒకటుంది. మొదటి ఏడాది ఒక్కటే పరీక్షిస్తే ఆ తప్పు వరుస కూడా పాసైపోతుంది, ఎందుకంటే అది కూడా 21,000 అనే చెబుతుంది. రెండో ఏడాది అడిగితే దొరికిపోతుంది, 22,050 అంటుంది. ఏ ప్రశ్న అడిగితే తప్పు బయటపడుతుందో ఆలోచించడం లెక్క చేయడం కన్నా కష్టం. ఈ పనిలో ఎనిమిదో తరగతి పిల్లలు నాకన్నా చురుకు.

ఇంకో సంగతి మేమే ఆలస్యంగా గమనించాం. ఆ తండ్రి చూసింది ప్రోగ్రాం వరుసను కాదు, దాని కింద అచ్చైన పట్టికను. ఆ పట్టిక ప్రోగ్రాం ఇచ్చిన జవాబులను చేత్తో కాపీ చేసింది. ప్రోగ్రాంను ఫైలులోంచి తెచ్చి, పట్టికను మాత్రం పాత కాపీగానే వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తాం. పైన సరైన వరుస, కింద తప్పు జవాబు! అందుకే ఇప్పుడు వరుస ఇది: ముందు పరీక్ష, అది గెలిస్తే ప్రోగ్రాం నడిపి జవాబులను ఇంకో ఫైలులో రాయించడం, ఆ తరవాత నోట్సు ప్రోగ్రాంనూ జవాబులనూ రెండింటినీ వాటి ఫైళ్ళలోంచి తెచ్చుకోవడం. ఈ క్రమం తప్పితే పాత జవాబులు వస్తాయి. ఏదైనా ఫైలు దొరకకపోయినా, గుర్తు దొరకకపోయినా హెచ్చరికతో సరిపెట్టకుండా పని ఆపేయమని స్ఫింక్స్‌కు చెప్పాం, దానికీ ఒక ఏర్పాటుంది.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేవని అనను. నోట్సు మూలం ఫైలు తెరిస్తే ప్రోగ్రాం కనపడదు, ఆజ్ఞ మాత్రమే కనపడుతుంది. రాసేవాళ్ళు రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టుకోవాలి. ఫైలు పేరు మారిస్తే ఆజ్ఞలో కూడా మార్చాలి. ఒక్క వరుస ఉదాహరణకు ఇంత తతంగం అక్కరలేదు, దాన్ని నేరుగా రాసుకోవచ్చు. ఇలా రాస్తే తప్పు అని కావాలని చూపించే వరుసలు కూడా పాఠంలోనే ఉండాలి. వాటిని ఫైలులో పెడితే రేపెవరో మంచి మనసుతో దిద్దేస్తారు, పాఠం అర్థం లేకుండా పోతుంది. ఈ వ్యాసంలో పైన తప్పు వరుస అలా చేత్తో రాసిందే.

ఇక మీరు చేయవలసినవి. తెలుగు నోట్సు పాత ప్రతిలో కౌలు లెక్క ఉన్న పుట మీ ఇంట్లో ఉంటే పిల్లలతో బడికి పంపండి, కొత్త పుట ఇస్తాం. జిరాక్సులు తీసి బంధువులకు ఇచ్చి ఉంటే వాళ్ళకూ చెప్పండి, ఈ ఊళ్ళో కౌలు లెక్క ఉన్న కాగితం ఎంత దూరం వెళుతుందో నాకు ఇప్పుడు తెలిసింది. కొత్త ప్రతి ప్రతి పుట కింద తయారైన తేదీ ఉంటుంది. రెండు కాగితాలు చెరో మాట చెబితే తేదీ చూడండి. వాట్సాప్‌లో వచ్చిన ప్రోగ్రాంను టైపు చేయకండి, కంప్యూటర్ గదిలోని ఫైలునే తీసుకోండి.

మన నోట్సులోని లెక్క పాఠం కోసం కట్టింది. మీ డబ్బు విషయంలో మీ ఒప్పంద పత్రంలో ఏముందో అదే చెల్లుతుంది. సందేహముంటే పత్రం తీసుకుని శనివారం మధ్యాహ్నం రండి, పెద్ద పిల్లలు మీ ముందే లెక్క కట్టి చూపిస్తారు.

ఆ అన్నదమ్ములిద్దరినీ నేనే ఒకరోజు పిలిపించాను. దిద్దిన పుట ఇద్దరి చేతుల్లో పెట్టి, తప్పు బడిది అని చెప్పాను. అన్న చాలాసేపు కాగితం చూసి, "సరే సార్, మా వాడు తిట్టిన తిట్లు యా ఫైల్లోంచి తీసేస్తారు?" అన్నాడు. తమ్ముడు తలొంచుకున్నాడు. కాసేపటికి ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళారు.